రాకెట్స్‌కి డ్యూరంట్ వచ్చాడు సరే, బంతి తెచ్చేదెవరు?

అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ NBAలో ఆడే హ్యూస్టన్ రాకెట్స్ అభిమానులందరికీ: 2025-26 సీజన్ తొలి మ్యాచ్ 2025 అక్టోబర్ 21న ఓక్లహోమా సిటీలో, వాళ్ల సాయంత్రం 6:30కి. మనకి 22 తెల్లవారుజామున 5 గంటలు. నవంబర్ 2న అమెరికాలో గడియారాలు వెనక్కి జరుగుతాయి కాబట్టి ఆ తర్వాత హ్యూస్టన్‌లో రాత్రి 7కి మొదలయ్యే ఆట ఇక్కడ ఉదయం 6:30కి వస్తుంది. అలారం మార్చుకోండి.

ఇక జట్టు సంగతి. పోయిన సీజన్‌లో (2024-25) 52 మ్యాచ్‌లు గెలిచి, ప్లేఆఫ్స్ (నాకౌట్ దశ) తొలి రౌండ్‌లోనే గోల్డెన్ స్టేట్ వారియర్స్ చేతిలో ఏడు మ్యాచ్‌ల సిరీస్‌లో చివరిదైన ఏడో మ్యాచ్‌లో ఓడారు. డిఫెన్స్ బాగానే ఉంది. ఆట నెమ్మదించి అవతలివాళ్లు సర్దుకుని నిలబడితే మాత్రం పాయింట్లు రాలేదు. స్టార్ స్కోరర్ కెవిన్ డ్యూరంట్‌ని తెచ్చింది అందుకే. చెయ్యి అడ్డం పెట్టినా పైనుంచి వేసేస్తాడు, పోయిన సీజన్ సగటు మ్యాచ్‌కి 26.6 పాయింట్లు. కానీ ఈ సీజన్ మొదలయ్యేసరికి 37 ఏళ్లు, పోయిన సీజన్‌లో ఆడింది 62 మ్యాచ్‌లే. వరుస రోజుల్లో మ్యాచ్‌లుంటే కూర్చోబెట్టినా గోల చెయ్యకండి.

అసలు చిక్కు, బంతిని ముందుకు తెచ్చి ఆట నడిపించే గార్డ్ ఫ్రెడ్ వాన్‌వ్లీట్ మోకాలి లిగమెంట్ తెగడం. ఆ పని ఎక్కువగా సహచరుడు ఆమెన్ థాంప్సన్ మీద పడుతుంది. అతనికి దూరం నుంచి షాట్ లేదు, కాబట్టి అతనికి కాపలా ఉన్న ప్రత్యర్థి అతన్ని వదిలేసి వెళ్లి, ఇంకొకడితో కలిసి డ్యూరంట్‌ని చుట్టేస్తాడు. అప్పుడు జట్టు సెంటర్ షెంగూన్ ఫ్రీ త్రో గీత (బుట్ట ఎదురుగా ఉండే గీత) దగ్గర డ్యూరంట్ నుంచి బంతి అందుకుంటున్నాడా లేదా, అది చూడండి.