జగదీశ్ చంద్ర బోస్ పరికరాలను పిల్లల చేతికివ్వండి: కేంద్ర మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర శాస్త్ర, సాంకేతిక శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను విజయనగరం జిల్లాలో ఉన్నత పాఠశాల పిల్లలకు భౌతికశాస్త్రం చెబుతాను. ఈ మధ్య కోల్‌కతా వెళ్లి, ఆచార్య ప్రఫుల్లచంద్ర రోడ్డులో జగదీశ్ చంద్ర బోస్ 1902లో కట్టుకున్న ఇల్లు, పక్కనే ఆయన 1917లో స్థాపించిన బోస్ ఇన్‌స్టిట్యూట్ చూసి వచ్చాను. ఆ సంస్థ మీ శాఖ కిందే ఉంది కనుక ఈ విన్నపం మీకే చేసుకుంటున్నాను.

ఆయన పరికరాలు అక్కడ అద్దాల వెనుక ఉన్నాయి. ఇత్తడి గొట్టాలు, తీగచుట్టలు, చెక్క పీఠాలు: ఆర్భాటం ఏమీ లేదు. తాను పాఠాలు చెప్పే ప్రెసిడెన్సీ కళాశాలలో 24 చదరపు అడుగుల గదిలో, రేకు పని తెలిసిన ఒక పనివాడి సాయంతో, 1894-96 మధ్య ఆయన 60 గిగాహెర్ట్జ్ దాకా, అంటే సెకనుకు ఆరు వేల కోట్ల సార్ల దాకా కంపించే రేడియో తరంగాలు పుట్టించారు. 5జీ కోసం మన దేశం 2022లో వేలం వేసిన 26 గిగాహెర్ట్జ్ తరంగాల కన్నా ఇది రెట్టింపు పైమాటే! భారతీయుడన్న కారణంగా జీతం తగ్గించి ఇస్తామంటే, మూడేళ్లు జీతమే ముట్టని మనిషి చేసిన పని ఇది.

ఆయన వాడిన ధ్రువణకారుల్లో (ఒకే దిశలో కంపించే తరంగాన్ని మాత్రమే దాటనిచ్చే సాధనాల్లో) ఒకటి మీరు స్వయంగా చూడాలి. అది రైళ్ల వేళల పుస్తకం! బ్రాడ్‌షా టైంటేబుల్ పుటల మధ్య తగరపు రేకులు పెట్టారు, అంతే. పుస్తకాన్ని ఒక దిశలో పట్టుకుంటే తరంగం దాటిపోతుంది, దానికి లంబంగా తిప్పితే ఆగిపోతుంది. రేకులకు సమాంతరంగా కంపించే విద్యుత్ క్షేత్రం వాటిని దాటలేదు కనుక. నేను ఏటా నల్లబల్ల మీద బాణం గుర్తులు గీసి ధ్రువణం చెబుతాను. పిల్లలు రాసుకుంటారు, పరీక్ష కాగానే మరిచిపోతారు. ఆ పుస్తకాన్ని వాళ్ల చేత తిప్పించగలిగితే మరిచిపోతారా?

ఇంకొకటి జనపనార. నారను మెలిపెట్టి కట్టలుగా కట్టి, వాటి గుండా పోయే తరంగం ధ్రువణ తలం, అంటే అది కంపించే తలం, ఎలా తిరుగుతుందో 1898లో ప్రకటించారు. చక్కెర ద్రావణం కాంతి ధ్రువణ తలాన్ని ఎందుకు తిప్పుతుందో అర్థం చేసుకునేందుకు చేసిన నమూనా అది. జూట్ మిల్లుల మధ్య పెరిగే మా పిల్లలకు ఇంతకంటే దగ్గరి పాఠం ఏముంటుంది?

అసలు పరికరాలను ముట్టుకోనివ్వమని అడగడం లేదు. అవి భద్రంగా ఉండాల్సిందే. వాటి కొలతలు తీయించి, పనిచేసే నమూనాల చిత్రాలు, తయారీ విధానం తెలుగుతో సహా అన్ని భారతీయ భాషల్లో ఉచితంగా విడుదల చేయించండి. టైంటేబుల్, నారకట్ట మేమే చేసుకుంటాం. పరీక్షించి చూడటానికి దగ్గరి ఇంజనీరింగ్ కళాశాలలోని మైక్రోవేవ్ బెంచి (ఇలాంటి తరంగాలు పుట్టించి కొలిచే పరికరం) చాలు. కాస్త కష్టమైన నమూనాలను తిరుపతిలోని ప్రాంతీయ విజ్ఞాన కేంద్రం లాంటి చోట్ల పెట్టించేలా సాంస్కృతిక శాఖతో మాట్లాడండి. ఇంటిని చూసుకునే వారితో సంప్రదించి, ఇల్లూ సంస్థా పాఠశాల బృందాలు ఒకే రోజు చూసే ఏర్పాటు చేయించండి. మొక్కల పెరుగుదలను పదివేల రెట్లు పెద్దది చేసి చూపే క్రెస్కోగ్రాఫ్ గురించి పుస్తకంలో చదివిన పిల్లవాడు, దాన్ని చేసిన మనిషి బతికిన గదులు కూడా చూడాలి.

ఇది బోస్ కోరికకు విరుద్ధం కాదు. మిత్రుల ఒత్తిడి మీద తీసుకున్న గలీనా డిటెక్టర్ (గలీనా అనే సీసపు ఖనిజంతో రేడియో తరంగాలను పసిగట్టే పరికరం) అమెరికా పేటెంటు 1904లో మంజూరైనా దాన్ని కాలదోషం పట్టనిచ్చారు. సంస్థను ప్రారంభిస్తూ, ఇక్కడి ఆవిష్కరణలకు పేటెంట్లు తీసుకోబోమనీ అవి అందరి సొత్తనీ ప్రకటించారు. ఆ మాట అమలు చేయడానికి ఇవాళ అడ్డేమీ లేదు.

నవంబరు 30 ఆయన పుట్టినరోజు, సంస్థ ఆవిర్భవించిన రోజు కూడా. ఆ రోజుకు ఒక్క ధ్రువణకారి కొలతలైనా విడుదల చేయించండి. డిసెంబరులోనే మా బడిలో తయారీ మొదలుపెడతాం.

ఇట్లు,
విజయనగరం జిల్లా నుంచి ఒక భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు