ఎమర్జెన్సీ కిట్టు తర్వాత, ముందు సంపు మూత

ఎడిటర్ గారికి,

వానలు మొదలైతే చాలు, ఆన్‌లైన్‌లో ‘ఎమర్జెన్సీ కిట్’ ప్రకటనలు వరస కడతాయి. ఓ టార్చి, విజిలు, నాలుగు బ్యాండేజీలు, మెరిసే సంచి. 2020 అక్టోబరు 13 రాత్రి వానకు టోలీచౌకి నదీమ్ కాలనీ లాంటి చోట్ల రోజుల తరబడి నీళ్లు నిలిచాయి. అలాంటప్పుడు ఇంట్లో కొరవడేది విజిలు కాదు, తాగే నీళ్లు. చుట్టూ నీళ్లే ఉన్నా సరే.

మన ఇళ్లలో సంపు మూత నేలమట్టానికే ఉంటుంది. నాలా పొంగితే మురుగంతా నేరుగా సంపులోని నల్లా నీళ్లలో కలుస్తుంది. మూత చుట్టూ అడుగు ఎత్తున ఇటుక గట్టు కట్టించి సిమెంటు పూయించడం మేస్త్రీకి పెద్ద పనేం కాదు. ఓవర్‌ఫ్లో పైపు ఉంటే నీళ్లను వెనక్కి రానివ్వని నాన్ రిటర్న్ వాల్వు కూడా పెట్టించాలి, లేకపోతే గట్టు కట్టినా మురుగు ఆ దారిన వస్తుంది. భారీ వాన హెచ్చరిక రాగానే పై ట్యాంకు నింపి మోటారు స్విచ్ ఆపేయండి. చాలామంది పొరపడేది ఇక్కడే: మునిగిన సంపు నుంచి మోటారు వేసి, పైనున్న మంచి నీళ్లు కూడా పాడుచేసుకుంటారు. వరద తీశాక సంపు ఖాళీ చేసి, కడిగి, కొత్త నీళ్లు పట్టాలి. వెయ్యి లీటర్లకు 5 గ్రాముల బ్లీచింగ్ పౌడరు బకెట్ నీళ్లలో కలిపి, తేరుకున్న పైనీరు మాత్రమే సంపులో పోసి గంట ఆగాలి. నిరుడు విప్పిన పౌడరు పనికిరాదు, గాలి తగిలి అందులో క్లోరిన్ పోయి ఉంటుంది.

తాగడానికి, వంటకు మనిషికి రోజుకు 4 లీటర్లు లెక్కేసుకుంటే నలుగురికి మూడు రోజులకు 48 లీటర్లు. అంటే 20 లీటర్ల క్యాన్లు మూడు. పాతది వాడుతూ కొత్తది వెనక్కి పెడుతుంటే అదనపు ఖర్చేమీ ఉండదు. కిరాణాకూ ఇదే పద్ధతి. అటుకులు, పల్లీలు, బెల్లం ఉంటే పొయ్యి వెలగకపోయినా పూట గడుస్తుంది. బొంబాయి రవ్వను వేయించి పెట్టండి, లేకపోతే వానాకాలంలో పురుగు పడుతుంది. విరేచనాలైతే తాగే ఓఆర్ఎస్ విషయంలోనూ జాగ్రత్త: లీటరు నీళ్లలో కలపాల్సిన ప్యాకెట్టును గ్లాసుడు నీళ్లలో కలిపేవాళ్లున్నారు. ఉప్పు ఎక్కువై మేలుకు బదులు కీడవుతుంది.

ఇక కరెంటు. ఇన్వర్టరు బ్యాకప్ చాలడం లేదని రెండో బ్యాటరీ కొనేముందు ఫ్యాన్లు చూడండి. 12 వోల్టుల 150 ఏహెచ్ బ్యాటరీలో ఉండేది 1800 వాట్ అవర్లు, నష్టాలు పోను చేతికొచ్చేది సుమారు 1200. పాత ఫ్యాన్లు రెండు (75 వాట్ల చొప్పున), 9 వాట్ల ఎల్ఈడీలు నాలుగు వేస్తే ఆరు గంటలొస్తుంది. అవే ఫ్యాన్లు తక్కువ కరెంటు తాగే 30 వాట్ల బీఎల్‌డీసీ రకానివి అయితే పన్నెండు గంటలు! కరెంటు బిల్లు తగ్గడం అదనం. బ్యాటరీలో డిస్టిల్డ్ వాటరే పోయాలి, నల్లా నీళ్లలోని లవణాలు ప్లేట్లను తినేస్తాయి. ఇండక్షన్ పొయ్యి మామూలు ఇన్వర్టరు మీద నడవదు, దాన్ని నమ్ముకుని రెండో గ్యాస్ సిలిండర్ వద్దనుకోకండి.

ఖర్చు పెట్టాల్సిన చోటు ఒకటుంది: 30 మిల్లీ యాంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్చి. మీటరు బోర్డులో మామూలుగా ఉండే ఎంసీబీ స్విచ్చి పడేది ఓవర్‌లోడుకో షార్టుకో, మనిషికి షాక్ కొడితే పడదు. తడి గోడల కాలంలో ప్రాణం కాపాడేది ఆర్‌సీసీబీయే. నెలకోసారి దాని టెస్ట్ బటన్ నొక్కి చూడాలి. నొక్కినా పడకపోతే మార్చేయాలి.

సెల్ టవర్ ఆగితే యూపీఐ లేదు. వందలు, యాభైలుగా కొంత నగదు ఇంట్లో ఉంచండి.

అన్నిటికన్నా పెద్ద నష్టం సెల్లార్లో కారుది. మునిగిన కారును స్టార్ట్ చేసి చూడాలని ప్రతివారికీ అనిపిస్తుంది. సిలిండర్లోకి చేరిన నీరు గాలిలా నొక్కుకోదు కాబట్టి కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది, రిపేరు లక్షల్లోకి పోవచ్చు. బ్యాటరీ వైరు తీసేసి టోయింగ్ వాహనం పిలవడమే పని. థర్డ్ పార్టీ పాలసీలో సొంత కారుకు రూపాయి రాదు. కాంప్రహెన్సివ్ ఉన్నా, నీళ్లలో స్టార్ట్ చేసి పాడైన ఇంజనుకు విడిగా ‘ఇంజన్ ప్రొటెక్ట్’ అనే అదనపు కవరు లేకపోతే క్లెయిము సాధారణంగా తిరస్కరిస్తారు. అది రెన్యువల్ రోజునే అడిగి తీసుకోవాలి, మధ్యలో కావాలంటే చాలా కంపెనీలు ఇవ్వవు.

ఇట్లు,
ఒక పాఠకుడు,
మలక్‌పేట, హైదరాబాద్