వార్షిక కార్యకలాపాల నివేదిక, 2024–25

సర్వసభ్య సమావేశానికి వచ్చిన మన చెంచు పెంటల (గూడేల) పెద్దలకు, అవ్వలకు, తాతలకు, తోటి సభ్యులకు నమస్కారం.

మన సంఘం ఎందుకు పెట్టుకున్నామో మీకు కొత్తగా చెప్పేదేం లేదు. నేరుగా ఈ ఏడాది పనికి వస్తాను. అందులో ముందు చెప్పాల్సింది గుడ్డ మీద గీసిన మన అడవి పటం గురించే. ఆగస్టు 9న ఆదివాసీ దినోత్సవం నాడు దాన్ని బడి గోడకు కట్టినప్పుడు చూసినవాళ్లంతా ఇక్కడే ఉన్నారు. చూడనివాళ్ల కోసం రాస్తున్నాను.

నల్లమల పటాలు చాలామంది గీశారు. అమ్రాబాద్ పులుల అభయారణ్యం 2,611 చదరపు కిలోమీటర్లని కాగితాల్లో ఉంది. ఆ కాగితాల్లో వాగులున్నాయి గానీ, మే నెలలో ఏ వాగులో నీళ్లు దొరుకుతాయో లేదు. ఆశ్రమ పాఠశాల పిల్లలు, మన తాతలు కలిసి నడిచింది అందుకే. ఒకచోట పిల్లవాడు ఫోన్‌లో చూసి "ఇక్కడ నీళ్లు లేవు తాతా, వాగు ఎండిపోయింది" అన్నాడు. తాత మాట్లాడలేదు. ఒడ్డున ఉన్న మేడిచెట్టు వైపు చూసి, దానికి ఎదురుగా ఇసుకలో చేతులతోనే చెలమ తవ్వాడు. మోచేతి లోతుకు ఇసుక తడిసింది, ఇంకాస్త తవ్వితే నీరు ఊరింది. మొదట బురదగా వచ్చిన నీళ్లను రెండుసార్లు తోడి పారబోసి, తేరిన నీళ్లు పిల్లలకు తాగించాడు. మేడి వేళ్లు నీటి తడిని వెతుక్కుంటూ లోతుకు పోతాయని సైన్సు టీచరు అక్కడే వివరించారు. ఆ చెలమ ఇప్పుడు మన పటంలో ఉంది. దుప్పులు, ఎలుగులు దిగే దారి కూడా ఉంది.

బయటినుంచి వచ్చి అడవిలో పాకిన లాంటానా కంప కమ్మేసిన చోట్లను అవ్వలు ఎర్ర రంగుతో గీయించారు. కంప పెరిగితే గడ్డి పోతుంది, గడ్డి పోతే దుప్పి పోతుంది, దుప్పి లేని చోట పులి నిలవదు. ఈ మాట మన ఇళ్లలో ఎప్పటినుంచో ఉన్నదే. కర్ణాటకలోని బిళిగిరి రంగన కొండల్లో ఉండే సోలిగ ఆదివాసీలు కూడా ఇలాంటి మాటే చెప్పారు. పూర్వం ఎండాకాలం మొదట్లో నేల మీది ఆకుల చెత్తను చిన్న మంటతో కాల్చేవాళ్లమని, అది ఆపేశాక కంప పెరిగిందని, ఉసిరిచెట్ల మీద బదనిక (చెట్టు కొమ్మల మీదే పెరిగి దాని సారం పీల్చే మొక్క) కూడా ఎక్కువైందని వాళ్ల వాదన. శాస్త్రవేత్తలు వాళ్లతో కూర్చుని ఆ మాటను పరిశీలించి పరిశోధన పత్రంగా అచ్చువేశారు. అక్కడి సోలిగలకు పులుల అడవిలోనే 2011లో సామూహిక అటవీ హక్కులు వచ్చాయి. మన అవ్వల మాటా అలాగే కాగితం మీదికి రావాలని, వాళ్ల పేరుతోనే రావాలని నా పట్టుదల.

తేనె కొండచరియలను మాత్రం పటంలో వేయలేదు. గ్రామసభలో చర్చించే ఈ నిర్ణయం తీసుకున్నాం. చోటు తెలిస్తే బయటివాళ్లు వచ్చి తుట్టె మొత్తం కోసుకుపోతారు. మనవాళ్లు తేనె ఉన్న భాగం వరకే కోసి, ఈగ పిల్లలున్న గూడు వదిలేస్తారు. ఈగలు మళ్లీ అక్కడే కట్టుకుంటాయి. చరియ మీంచి దిగేవాడి తాడు బావమరిది పట్టుకోవాలన్న కట్టుబాటు పిల్లలకు బాగా నచ్చింది. అక్క పసుపు కుంకుమలు వాడి చేతిలో ఉంటాయి కదా, తాడు వదలడు. ఇవన్నీ విడిగా ఒక నోటుపుస్తకంలో రాయించాం. 2006 అటవీ హక్కుల చట్టం మూడో సెక్షన్‌లోనే సంప్రదాయ జ్ఞానం మీద మనకు సామూహిక హక్కు ఉంది. కాబట్టి ఎవరడిగినా గ్రామసభ అనుమతి లేకుండా ఆ పుస్తకం ఇవ్వొద్దు, ఫోటోలు తీయనివ్వొద్దు.

ఈ పనికి సాయపడ్డవాళ్లు చాలామంది. నడవలేకపోయినా ఆటోలో వచ్చి దారి చెప్పిన తాతలకు, అందరికీ జొన్నరొట్టెలు చేసిపెట్టిన అక్కలకు, గుడ్డ ఉచితంగా ఇచ్చిన మన్ననూరు దుకాణం అన్నకు, సెలవు రోజుల్లోనూ వచ్చిన టీచర్లకు, దారిలో తోడున్న అటవీశాఖ బేస్‌క్యాంప్ వాచర్లకు (వాళ్లూ మన బిడ్డలే) సంఘం తరఫున పేరుపేరునా కృతజ్ఞతలు. ముగ్గుపిండితో ముందు నేల మీద పటం గీసి చూపించిన అవ్వకు శాలువా కప్పాం. ఆమె లేకపోతే ఈ పటం లేదు.

జమాఖర్చుల పట్టిక వెనుక పేజీలో ఉంది. కోశాధికారి చదివి వినిపిస్తారు. చందా బకాయి ఉన్నవాళ్లు ఈరోజే కట్టి రసీదు తీసుకోండి.

రెండు సంగతులు మనసులో పెట్టుకోకుండా చెబుతున్నాను. వాట్సాప్ గ్రూపులో "మేము సైతం" అని బొటనవేలు గుర్తులు పెట్టిన యువకుల్లో నడకకు వచ్చింది కొద్దిమందే. మిగతావాళ్లు ఫోటోలు దిగే రోజు వచ్చారు. మన తాతలు వయసు మీదపడుతున్నవాళ్లు, వాళ్లు చెప్పగలిగినప్పుడే మనం వినాలి. ఇక ఆవాస హక్కుల దరఖాస్తు, అంటే తరతరాలుగా మనం బతుకుతున్న చోటంతటి మీద హక్కు కోసం పెట్టినది. అటవీ హక్కుల చట్టంలో మనలాంటి తెగల కోసమే ఆ హక్కు పెట్టారు. కాగితాలన్నీ ఇచ్చాం, అందినట్టు రసీదు కూడా ఇవ్వలేదు. అడిగిన ప్రతిసారీ "పై ఆఫీసులో ఉంది" అంటారు, పై ఆఫీసుకు పోతే "కింద నుంచి రాలేదు" అంటారు. పటం చూడటానికి రమ్మని పిలిస్తే ఒక్క అధికారీ రాలేదు. పులుల లెక్కింపుకు దారి చూపాలన్నప్పుడు మాత్రం మన చెంచులే కావాలి. ఇది అవమానమే. రసీదు కోసం రాతపూర్వకంగా మళ్లీ అడగాలని, స్పందన లేకపోతే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు వేయాలని తీర్మానం పెడుతున్నాను. సభ ఆమోదించాలి.

వచ్చే ఏడాది అడవిలో తవ్వి తినే గడ్డలు, బంక చెట్ల మీద పని. గడ్డల సంగతి ఆడవాళ్లకే ఎక్కువ తెలుసు, కాబట్టి ఆ నడకకు వాళ్లే ముందుంటారు. తపసి చెట్టుకు ఎంత లోతు గాటు పెడితే బంక వస్తుందో, ఎంత లోతైతే చెట్టు చస్తుందో చూపించడానికి ఇద్దరు పెద్దలు ఒప్పుకున్నారు. రాసుకునేవాళ్లు కావాలి. పేర్లు వాట్సాప్‌లో వద్దు, ఈరోజు సభ ముగిసేలోపు నా దగ్గరికి వచ్చి సంతకం పెట్టండి.

ఇట్లు,
కార్యదర్శి