గాజీకి దొరకని విక్రాంత్ నీ బండిలో దొరికింది రోయ్

ఒరేయ్ సూరీ,

ఎలగున్నావ్ రా? వాట్సాప్‌లో చెప్తే నువ్వు బొటనవేలు బొమ్మ ఒకటి పడేసి ఊరుకుంటావ్, అందుకే ఈసారి ఉత్తరమే రాస్తున్నా. బోరు కొట్టినా పూర్తిగా చదువు, చివర్లో నీ బండి సంగతుంది.

మొన్న ఆదివారం మా అక్క కొడుకుని మ్యూజియంగా పెట్టిన మన పాత సబ్‌మెరైన్ కురుసురా చూపిస్తానని విశాఖ బీచ్‌కి తీసుకెళ్లా. ఆ గుండ్రటి తలుపుల్లోంచి వంగి దూరుతుంటే నా తల మళ్ళీ అక్కడే తగిలి బొప్పి కట్టింది, వాడు ఒకటే నవ్వు. బయటికొచ్చి ముంత మసాలా తింటుంటే అడిగాడు, "మావయ్యా, మరి గాజీ ఎక్కడుంది?" అని. సముద్రం వైపు చెయ్యి చూపించా. అప్పుడు వెలిగింది రా నాకు. 1971 యుద్ధంలో కురుసురా అరేబియా సముద్రంలో కాపు కాస్తే పాకిస్తాన్ సబ్‌మెరైన్ గాజీ మన వైపు వచ్చింది. మనది రిటైరయ్యి ఇసకలో కూర్చుని టికెట్ మీద జనాన్ని ఎక్కించుకుంటోంది, వాళ్ళది ఎదురుగా నీళ్ళ అడుగున.

గాజీ పాత పేరు డయాబ్లో, అమెరికా వాళ్ళది. జపాన్ మీదికని కట్టి 1944 డిసెంబర్‌లో నీళ్ళలోకి దింపారు, తీరా 1945 ఆగస్టు 10న పెర్ల్ హార్బర్ నుంచి మొదటి వేటకి బయల్దేరితే దారిలో ఉండగానే జపాన్ చేతులెత్తేసింది. 1964లో పాకిస్తాన్‌కి అద్దెకిచ్చారు. ఇప్పుడు దానికి విశాఖ సముద్రంలో పొరుగు ఎవరనుకున్నావ్? జపాన్ సబ్‌మెరైనే! ఆర్‌ఓ-110 అని, 1944 ఫిబ్రవరిలో ఓడల కాన్వాయ్ మీదికొస్తే జమ్నా అనే మన ఓడా (అప్పట్లో తెల్లోళ్ళ కింద ఉండేదిలే), రెండు ఆస్ట్రేలియా ఓడలూ కలిసి ముంచేశాయ్. బతికుండగా ఎదురుపడని శత్రువులు మనూరి సముద్రంలో ఇరుగూ పొరుగూ అయిపోయారు.

ఇక అసలు కథ. గాజీ వచ్చింది మన విమానాలు మోసే పెద్ద యుద్ధ ఓడ విక్రాంత్ కోసం. విక్రాంతేమో అప్పటికే అండమాన్‌లో దాక్కుంది. ఇక్కడ మన తూర్పు నౌకాదళం పెద్ద వైస్ అడ్మిరల్ కృష్ణన్ ఏం చేశాడంటే, రాజ్‌పుత్ అనే ముసలి ఓడని, అదీ సర్వీసులోంచి తీసేద్దామనుకుంటున్న దాన్ని, సముద్రంలోకి పంపి విక్రాంత్‌లా మెసేజ్‌లు కొట్టించాడు, పైగా ఊళ్ళో కాంట్రాక్టర్లకి మాంసం, కూరగాయలు బోలెడు ఆర్డర్లు పెట్టించాడు, ఇంత తిండి అంటే పెద్ద ఓడే ఉందిరో అని నలుగురూ అనుకోవాలని. బజారు కబుర్లు నడిపిన యుద్ధం రా అది! డిసెంబర్ 3 అర్ధరాత్రి దాటాక పేలుడు. రాజ్‌పుత్ వేసిన డెప్త్ చార్జీలకే (నీళ్ళ అడుగున పేలే బాంబులు) గాజీ పోయిందని మనవాళ్ళు, అది నీళ్ళలో పెట్టిన మందుపాతరలే దాని మీద పేలాయని వాళ్ళు, ఇప్పటికీ తెగని తగాదా. లోపల 93 మంది. అది తలుచుకుంటే మాత్రం నవ్వు రాదు.

తర్వాతది చూడు. గాజీ ముక్కలైనా ఇంకా అక్కడే ఉంది. దానికి చిక్కకుండా తప్పించుకున్న విక్రాంత్‌ని మాత్రం 1997లో రిటైర్ చేసి, ముంబైలో కొన్నేళ్ళు మ్యూజియంగా ఉంచి, 2014లో తుక్కు కింద కోసేశారు. శత్రువు చెయ్యలేని పని వేలంపాట చేసింది. ఆ ఇనుము బజాజ్ వాళ్ళు కొని కరిగించి బండ్ల పెట్రోల్ ట్యాంకుల్లో కలిపారు, 2016లో వి అనే బైక్ వదిలారు చూడు, నువ్వు ఎగబడి కొన్నావ్, అదే!

గుర్తుందా, కొన్న వారం రోజులూ సాయంత్రం అయితే చాలు బీచ్‌లో కురుసురా పక్కనే స్టాండ్ వేసి, ట్యాంకు మీద గీత పడుతుందని నన్ను మోచెయ్యి కూడా ఆన్చనిచ్చేవాడివి కాదు. అంటే ఏటన్నమాట, గాజీ పాపం 1971లో కరాచీ నుంచి శ్రీలంక చుట్టూ తిరిగొచ్చి వెతికినా దొరకని విక్రాంత్, 45 ఏళ్ళ తర్వాత ఈఎంఐ మీద దాని ఎదురుకే వచ్చి నిలబడింది, మనం దాని మీద కూర్చుని మొక్కజొన్న పొత్తులు తిన్నాం.

మీ తమ్ముడు నిన్న కనిపించి, షెడ్‌లో పడున్న ఆ బండిని పాత సామాన్లవాడికి బేరం పెట్టానన్నాడు. ఒరేయ్, దాన్ని రెండోసారి తుక్కు చేస్తావేంట్రా? అమ్మొద్దని ఫోన్ చెయ్యి వాడికి. బ్యాటరీ నేను వేయిస్తా, సంక్రాంతికి నువ్వు రా, ఒక్కసారి బీచ్ దాకా వెళ్ళొద్దాం. ముంత మసాలా డబ్బులు మాత్రం నీవే.

నీ
రాంబాబు