పాడైన శాంపిల్ అని తెలిసీ రిపోర్ట్ ఎలా ఇచ్చారు?

ల్యాబ్ మేనేజర్ గారికి,

విషయం: మా అమ్మ పొటాషియం రిపోర్ట్‌పై ఫిర్యాదు

నమస్కారం. మా అమ్మకు షుగర్, బీపీ ఉన్నాయి. కిడ్నీలు కూడా కాస్త బలహీనపడ్డాయి. అందుకే నరంలోకి మందు ఎక్కించి చేసే కాంట్రాస్ట్ సీటీ స్కాన్‌కు ముందు క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చూసే పరీక్ష), ఎలక్ట్రోలైట్స్ (సోడియం, పొటాషియం లాంటివి) చేయించమని డాక్టర్ గారు రాశారు. నడవలేని మనిషిని తిప్పడం ఎందుకని మీ హోమ్ కలెక్షన్ బుక్ చేశాను.

ఆ రోజు రాత్రి పొద్దుపోయాక మీ మెసేజ్ వచ్చింది. రిపోర్ట్ తెరిస్తే పొటాషియం 6.9 అని ఎర్ర అక్షరాల్లో ఉంది. నార్మల్ 5 లోపే ఉండాలి. అది అంత పెరిగితే గుండె లయ తప్పుతుందని కిడ్నీ డాక్టర్ గారు మాకు ముందే చెప్పి ఉన్నారు. మీ నంబరుకు చేస్తే మ్యూజిక్ వినపడింది తప్ప మనిషి పలకలేదు. నిద్రపోతున్న అమ్మను లేపి ఎమర్జెన్సీకి తీసుకెళ్లాం. "నాకేం కాలేదే, బాగానే ఉన్నాగా" అంటూనే ఆవిడ వణుకుతూ చెప్పులు వెతుక్కుంది.

ఈసీజీ బాగానే ఉంది. మళ్లీ రక్తం తీసి చూస్తే 4.6 వచ్చింది. డ్యూటీ డాక్టర్ మీ రిపోర్ట్ అడిగి తీసుకుని, రెండో పేజీ అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ఉన్న లైన్ చూపించారు: శాంపిల్ హిమోలైజ్ అయింది అని. అంటే ఎర్ర రక్తకణాలు పగిలిపోయాయి. పొటాషియం ఎక్కువగా ఉండేది కణాల లోపలే కాబట్టి, అవి పగిలితే అదంతా సీరంలో, అంటే మీరు పరీక్షించే రక్తపు ద్రవంలో, కలుస్తుంది. మీ మెషిన్ అదనంగా చూపించినదాంట్లో చాలావరకు ట్యూబులో పగిలిన కణాలదే.

ఎలా పగిలి ఉంటాయో ఆయన చెబుతుంటే పొద్దున జరిగినదంతా గుర్తొచ్చింది. రక్తం తీయడానికి మీరు పంపిన అబ్బాయి టైముకే వచ్చాడు, మర్యాదగానే మాట్లాడాడు. నరం దొరక్క, అమ్మను పిడికిలి మూసి తెరవమని పదే పదే అన్నాడు (దానివల్ల కూడా పొటాషియం ఎక్కువ చూపిస్తుందట). సన్న సూదితో సిరంజిలోకి గట్టిగా లాగాడు. ఆ సూదినే ట్యూబు మూతలో గుచ్చి బొటనవేలితో నొక్కేశాడు. రక్తం నురగలు కట్టుకుంటూ దిగింది. అతనికి సరిగ్గా నేర్పించాల్సింది మీరు.

శాంపిల్ పాడవడం ఏ ల్యాబ్‌లోనైనా జరిగేదే, దాని గురించి ఇంత రాయను. కానీ మీ దగ్గర ఎవరో ఆ శాంపిల్ పాడైందని గుర్తించారు, గుర్తించారు కాబట్టే ఆ లైన్ రాశారు. అయినా అంకెను ఆపలేదు. "శాంపిల్ పాడైంది, మళ్లీ తీస్తాం" అని ఒక్క ఫోన్ చేస్తే సరిపోయేది. పోనీ, ఆ 6.9 నిజమే అనుకున్నారా? అలాగైతే ఇంకా త్వరగా ఫోన్ చేయాలి. ప్రమాదకరమైన ఫలితం వస్తే వెంటనే తెలియజేయాలని ల్యాబ్‌ల అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 15189 కూడా చెబుతుంది. ఎటు చూసినా ఫోన్ చేయాల్సిందే. మీరు మెసేజ్ పడేసి ఊరుకున్నారు.

మర్నాడు కస్టమర్ కేర్ అమ్మాయి "రిమార్క్స్‌లో రాసే ఉంది కదా మేడమ్" అంది. రాత్రిపూట తల్లి రిపోర్ట్‌లో ఎర్ర అంకె చూసినవాళ్లు రిమార్క్స్ దాకా చదువుతారా?

ఆ హడావిడిలో స్కాన్ వాయిదా పడింది. అసలే ఆ స్కాన్‌లో ఏం తేలుతుందోనని ఇంటిల్లిపాదికీ టెన్షన్, దానికి ఇదొకటి తోడైంది. ఇప్పుడు ఏ రిపోర్ట్ తెచ్చినా అమ్మ "ఇదైనా నిజమేనా" అని అడుగుతోంది.

ఆ పొటాషియం ఫలితాన్ని రద్దు చేసి సవరించిన రిపోర్ట్ ఇవ్వండి. పాత అంకె మీ యాప్‌లో అలాగే ఉంటే, రేపు ఇంకో డాక్టర్ దాన్ని చూసి అమ్మ బీపీ మాత్ర మార్చేసే ప్రమాదం ఉంది. ఆ రిపోర్ట్‌ను ఎవరు ఆమోదించారో, ఫోన్ ఎందుకు చేయలేదో నాకు చెప్పాలి. పరీక్ష డబ్బులు తిరిగి ఇవ్వడం మీ బాధ్యత, దాని గురించి వేరే అడగక్కర్లేదనుకుంటాను.

సమాధానం ఫోన్‌లో వద్దు, రాతపూర్వకంగా నా ఈమెయిల్‌కు పంపండి.

ఇట్లు,
పేషెంట్ కుమార్తె