మెదడు కణితి తగ్గిన పిల్లల హార్మోన్ పరీక్షల గురించి ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

మెదడు కణితికి రేడియేషన్ చికిత్స పొందిన మా అబ్బాయి ఎత్తును ద్వారబంధం మీద పెన్సిలుతో గుర్తు పెడుతూ వచ్చిన మాకు, రెండేళ్ల గీతలు దాదాపు ఒకదాని మీద ఒకటి పడ్డాక గానీ ఏదో లోపం ఉందని తట్టలేదు. స్కాన్లు మాత్రం బాగానే ఉన్నాయి.

కిరణాలు మెదడు అడుగున ఉండి ఒంట్లోని హార్మోన్లను నడిపించే హైపోథాలమస్‌నూ పిట్యూటరీ గ్రంథినీ తాకినప్పుడు సాధారణంగా మొదట దెబ్బతినేది పెరుగుదల హార్మోను. మోతాదు 18 గ్రే (రేడియేషన్‌ను కొలిచే ప్రమాణం) దాటితే ఆ ముప్పు పెరుగుతుంది, 30 గ్రే దాటితే థైరాయిడ్‌నూ అడ్రినల్ గ్రంథులనూ నడిపించే హార్మోన్లు కూడా కొన్నేళ్ల తరువాత తగ్గిపోవచ్చు. కొందరిలో యుక్తవయసు ముందే మొదలై, ఆ కాస్త ఎదుగుదల అసలు లోపాన్ని కప్పేస్తుంది. లోపం పిట్యూటరీలో ఉన్నప్పుడు, థైరాయిడ్‌ను నడిపించే దాని హార్మోను టీఎస్‌హెచ్ మామూలుగానే కనిపించవచ్చు కనుక, రక్తంలోని థైరాయిడ్ హార్మోను ఫ్రీ టీ4 చూడకుండా థైరాయిడ్ బాగుందని రాసివ్వడం (మాకు జరిగింది ఇదే) పొరపాటు. అడ్రినల్ గ్రంథులు తయారుచేసే, జబ్బును తట్టుకోవడానికి కావలసిన హార్మోను కార్టిసాల్ చాలని బిడ్డకైతే మామూలు జ్వరం కూడా ప్రాణం మీదికి తేవచ్చు.

కాబట్టి ఈ పిల్లలకు ఆరు నెలలకోసారి ఎత్తు, వెన్నుకు కూడా కిరణాలు ఇచ్చి ఉంటే కూర్చున్న ఎత్తు కొలవడాన్ని, ఏటా హార్మోన్ పరీక్షలు చేయడాన్ని తప్పనిసరి చేయాలనీ, అందిన మోతాదు రాసిన కాగితాన్ని తల్లిదండ్రుల చేతికి ఇప్పించాలనీ కోరుతున్నాను.

ఇట్లు,
ఒక తల్లి