రక్షణ మంత్రి గారికి బహిరంగ లేఖ: మా సర్వీసును ఆఖరి పోస్టింగ్‌తో కొలవకండి

గౌరవనీయులైన కేంద్ర రక్షణ శాఖ మంత్రి గారికి,

జై హింద్.

నా రిటైర్మెంట్ నాటి మెడికల్ బోర్డ్ (వైకల్యాన్ని తేల్చే సైనిక డాక్టర్ల బృందం) కాగితాల్లో, నా బీపీకి సర్వీసుతో సంబంధం లేదన్న వర్గీకరణ తప్పుగా ఉంది. దాన్ని సరిచేయమని అడగడానికే ఈ లేఖ. నా ఒక్కడి సంగతే అయితే రికార్డ్ ఆఫీసుకు ఇంకో అర్జీ పెట్టి ఊరుకునేవాణ్ణి. కానీ దానికి కారణంగా రాసిన వాక్యమే, అక్షరం పొల్లుపోకుండా, నాకు తెలిసిన ఎంతోమంది మాజీ సైనికుల కాగితాల్లో కూడా ఉంది. అందుకే నలుగురికీ కనబడేలా రాస్తున్నాను.

1983లో ఆర్టిలరీలో చేరాను. చేరేటప్పుడు ఏ లోపమూ లేదని డాక్టర్లే రాశారు. తర్వాత సియాచిన్ గ్లేసియర్, 1999లో కార్గిల్ యుద్ధమప్పుడు ద్రాస్, ఆపైన కశ్మీర్‌లో తీవ్రవాదులతో పోరాడే రాష్ట్రీయ రైఫిల్స్. సర్వీసు చివర్లో మాత్రం పీస్ స్టేషన్, అంటే ఫీల్డ్ (సరిహద్దు, ఆపరేషన్ల ప్రాంతం) కాని చోటు. అక్కడ ఉన్నప్పుడు కోర్సుకు పంపేముందు చేసిన పరీక్షలో బీపీ బయటపడింది. చేరినప్పటి కంటే తక్కువ మెడికల్ క్యాటగిరీలోనే 2007లో హవల్దార్‌గా రిటైరయ్యాను. వైకల్యం 30 శాతం, జీవితాంతం ఉంటుంది అని బోర్డే తేల్చింది.

ఆ ఫారం చూస్తే మీకే విచిత్రంగా అనిపిస్తుంది సార్. సర్వీసులో చేరకముందు ఈ జబ్బు ఉందా? లేదు. సైనికుడి నిర్లక్ష్యం వల్లగానీ చెడు ప్రవర్తన వల్లగానీ వచ్చిందా? లేదు. సర్వీసు వల్ల వచ్చిందా? కాదు. పోనీ, సర్వీసు వల్ల ముదిరిందా? అదీ కాదు. మరి ఎందుకు వచ్చినట్టు? దానికి ఒక్కటే వాక్యం: "జబ్బు పీస్ ఏరియాలో మొదలైంది, ఫీల్డ్, హై ఆల్టిట్యూడ్, తీవ్రవాద వ్యతిరేక ఆపరేషన్లతో దగ్గరి సమయ సంబంధం లేదు." దీని కింద సంతకాలు, స్టాంపు. సర్వీసు వల్ల రాలేదు, సర్వీసు వల్ల ముదరలేదు అని తేల్చిన ఇలాంటి వాటిని మా వాళ్లు ఇంగ్లిష్ పొడి అక్షరాలు కలిపి 'నానా' కేసులంటారు.

"మొదలైంది" అన్న మాట దగ్గరే నా అభ్యంతరం. బీపీ చెప్పి రాదు. నొప్పి ఉండదు, జ్వరం ఉండదు, ఏళ్ల తరబడి లోపలే ఉండొచ్చు. తలుపుకు చెద పట్టిన సంగతి చెక్క ఊడిన రోజున తెలుస్తుంది, అంతమాత్రాన ఆ రోజే పట్టిందనం కదా. కానీ మెషీన్‌లో అంకె కనబడిన తేదీనే నా జబ్బుకు పుట్టినరోజుగా రాసేశారు. ఆ తేదీన నేను పీస్‌లో ఉన్నాను కాబట్టి, దానికి ముందు కొండల మీద గడిచిన ఏళ్లన్నీ లెక్కలోంచి పోయాయి. సైన్యం లెక్కలో తొమ్మిది వేల అడుగులు దాటితే హై ఆల్టిట్యూడ్. ద్రాస్ పది వేల పైనే. గ్లేసియర్ సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. అక్కడ పనిచేసిన గుండెకు, రక్తనాళాలకు రెండు మూడేళ్ల తర్వాత ఏమీ గుర్తుండదని ఏ వైద్యశాస్త్రం చెబుతుందో బోర్డు రాయలేదు. రాసి ఉంటే కనీసం దానికి జవాబైనా చెప్పేవాణ్ణి.

ఇక పీస్ స్టేషన్ అంటే ఏమిటో బయటివాళ్లకు తెలియకపోవచ్చు. అక్కడ కుటుంబాన్ని ఉంచుకోవచ్చు, క్వార్టర్ ఖాళీ ఉంటే. అంతే తేడా. తెల్లవారుజామున పీటీ, ఫైరింగ్ రేంజి, గార్డు డ్యూటీ, ఎక్సర్‌సైజుల పేరుతో వారాల తరబడి బయట. వరదలొస్తే పిలుపు, అల్లర్లొస్తే పిలుపు. సెలవు మన చేతిలో ఉండదు, 1950 నాటి ఆర్మీ చట్టం ఇరవై నాలుగు గంటలూ మన మీద ఉంటుంది. ఫీల్డ్ అలవెన్స్ ఎవరికి ఇవ్వాలో తేల్చడానికి ఫీల్డ్, పీస్ అని స్టేషన్లను విడదీస్తే సరే. అదే విభజనను ఒంట్లోని జబ్బుకు కూడా వర్తింపజేయడమే పొరపాటు.

నేనేమీ కొత్త నిబంధన అడగడం లేదు. నేను రిటైరైన నాటికి అమల్లో ఉన్నవి 1982 నాటి అర్హతా నిబంధనలు. చేరినప్పటి కంటే తక్కువ మెడికల్ క్యాటగిరీలో విడుదలైతే వైద్య కారణాలతో పంపినట్టే లెక్క అని వాటి నాలుగో నియమం చెబుతుంది. చేరేటప్పుడు లోపమేదీ రాయకపోతే, తర్వాత ఆరోగ్యం దెబ్బతినడం సర్వీసు వల్లేనని భావించాలని ఐదో నియమం. తొమ్మిదోది ఇంకా స్పష్టం: రుజువు చేసే భారం సైనికుడిది కాదు, సహేతుకమైన అనుమానం ఉంటే ఆ మేలు సైనికుడికే దక్కాలి. కాదనే హక్కు బోర్డుకు లేదని నేను అనను. కాదంటే ఎందుకు కాదో రాయాలి, అంతే.

సుప్రీంకోర్టు 2013 జూలైలో ధరమ్‌వీర్ సింగ్ కేసులో ఇదే చెప్పింది. సిగ్నల్స్ దళానికి చెందిన ఆయన్ని మూర్ఛ కారణంగా ఇంటికి పంపి, సర్వీసుకు సంబంధం లేదన్నారు. కారణాలు రాయని బోర్డు అభిప్రాయాన్ని కోర్టు ఒప్పుకోలేదు. 2014లో సుఖ్‌విందర్ సింగ్ కేసు, 2015లో రాజ్‌బీర్ సింగ్ కేసు, రెండూ అదే దారి. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు ముందుకు ఒక మాజీ సుబేదార్ షుగర్ కేసు వచ్చినప్పుడు, జబ్బు పీస్ స్టేషన్‌లో బయటపడిందన్నంత మాత్రాన సర్వీసుతో సంబంధం లేదనడం చెల్లదని తేల్చింది. నా కాగితంలో ఉన్న కారణం కూడా సరిగ్గా అదే.

మరి ఇన్ని తీర్పులు వచ్చాక కూడా ప్రతి హవల్దారూ, ప్రతి నాయకూ విడివిడిగా కోర్టు మెట్లెక్కాలా? మొదటి అప్పీల్ కమిటీ, రెండో అప్పీల్ కమిటీ, తర్వాత సాయుధ దళాల ట్రిబ్యునల్. తెలుగు రాష్ట్రాల వాళ్లకైతే అది చెన్నై బెంచ్. అక్కడ గెలిచినా ప్రభుత్వం పైకోర్టుకు వెళ్తుందేమోనన్న టెన్షన్. నా అప్పీల్‌కు వచ్చిన జవాబులో కొత్తగా ఒక్క ముక్క లేదు, బోర్డు వాక్యాన్నే మళ్లీ టైపు చేశారు. అప్పీల్ అంటే ఎవరో ఒకరు ఫైలు తెరిచి మొదటి పేజీ నుంచి చదవడం అని ఇన్నాళ్లూ అనుకున్నాను.

మీ శాఖ వైపు నుంచి వచ్చే మాట కూడా నాకు తెలుసు. బీపీ, షుగర్ ఊళ్లో అందరికీ వస్తున్నాయి, తిండి వల్ల, బరువు వల్ల వస్తున్నాయి; రిటైరయ్యే ముందు వైకల్యం రాయించుకుని లాభపడే వాళ్లున్నారు అని. ఉన్నారు, కాదనను. పై ర్యాంకుల్లో కొందరి మీద ఈ మాట వినబడినప్పుడు మాకే సిగ్గుగా ఉంటుంది. అలాంటివాళ్లను పట్టుకోండి, వాళ్ల సర్వీసు రికార్డు, ఆసుపత్రి రికార్డు పక్కపక్కన పెట్టి చూడండి. నేను అడుగుతున్నదీ అదే పరీక్ష. నా రికార్డు తెరిచి, ఏ ఏడు ఏ ఎత్తులో ఉన్నానో చూసి, అప్పుడు కాదనండి. దొంగను పట్టడానికి ఫైలు చదవాలి, నిజాయితీపరుడికి న్యాయం చేయడానికీ ఫైలే చదవాలి. పీస్ అన్న ఒక్క మాట చూసి మూసేస్తే రెండూ జరగవు.

ఇది డబ్బు కోసం కాదు అని రాస్తే గంభీరంగా ఉంటుంది కానీ అబద్ధం అవుతుంది. డబ్బు కోసం కూడా. 30 శాతం వైకల్యాన్ని 50గా లెక్కిస్తే చివరి జీతంలో 15 శాతం వైకల్య పెన్షన్‌గా వస్తుంది. ఇలా పైకి సవరించే మేలు సర్వీసు పూర్తి చేసి రిటైరైన వాళ్లకూ దక్కాలని 2014 డిసెంబరులో రామ్ అవతార్ కేసులో సుప్రీంకోర్టే చెప్పింది. మందులకు, పరీక్షలకు ఆ సొమ్ము అక్కరకొస్తుంది. అయితే ఆ సొమ్ము రాకపోయినా ఆ వాక్యం తీసేయమనే అడిగేవాణ్ణి. నా ఇరవై నాలుగేళ్లకూ నా ఆరోగ్యానికీ సంబంధం లేదని ప్రభుత్వ ముద్రతో రాసి ఉన్న కాగితం అది.

నా విషయంలో కోరేది సూటిగా చెబుతాను. మీ మంత్రిత్వ శాఖ 2001 జనవరి 31 నాటి ఉత్తర్వు వైకల్యాలను ఐదు వర్గాలుగా విడదీసింది. సర్వీసుతో సంబంధం లేనివి 'ఎ'. కఠిన వాతావరణంలో, ప్రతికూల పరిస్థితుల్లో పనిచేయడం వల్ల వచ్చినవీ, ముదిరినవీ 'బి'. నన్ను 'ఎ'లో పెట్టారు. పోస్టింగుల రికార్డు మొత్తం చూసి 'బి'లోకి మార్చండి. నేరుగా సర్వీసు వల్లే వచ్చిందని రాయడానికి ఇబ్బంది అయితే, సర్వీసులో ముదిరిందని రాసినా నాకు సమ్మతమే.

మిగతా వాళ్ల విషయంలో ఒక ఉత్తర్వు చాలు. 2023 సెప్టెంబరు 21 నుంచి కొత్త అర్హతా నిబంధనలు తెచ్చారు. వాటి మంచిచెడ్డలు వేరే చర్చ. అంతకుముందు రిటైరైన వాళ్లలో, పీస్ ఏరియా అన్న ఒక్క కారణంతో తిరస్కరించిన కేసులను రికార్డ్ ఆఫీసులే బయటికి తీసి, సైనికుడు అర్జీ పెట్టినా పెట్టకపోయినా, మళ్లీ మెడికల్ బోర్డు ముందు పెట్టమనండి. మొత్తం సర్వీసులో ఎక్కడెక్కడ పనిచేశారో ఆ పట్టిక బోర్డు ముందు ఉండాలి, తిరస్కరిస్తే వైద్య కారణం రాతపూర్వకంగా ఇవ్వాలి. తీర్పులు తేల్చేసిన అంశాల మీద మాజీ సైనికుల పైన వేసిన అప్పీళ్లను వెనక్కి తీసుకోవాలి. ఇందులో చాలామంది అరవై దాటినవాళ్లు, కొందరి తరఫున భార్యలే తిరుగుతున్నారు. కాబట్టి గడువు కూడా పెట్టండి.

నా డిశ్చార్జ్ బుక్, బోర్డు కాగితాలు, అప్పీల్‌కు వచ్చిన జవాబు నకళ్లు మీ కార్యాలయానికి స్పీడ్ పోస్టులో పంపాను. బోర్డు మళ్లీ పిలిస్తే ఏ మిలిటరీ ఆసుపత్రికైనా, ఏ తేదీకైనా వస్తాను.

ఇట్లు,
ఒక మాజీ హవల్దార్,
రెజిమెంట్ ఆఫ్ ఆర్టిలరీ